కప్పలకి హాజరు

నెల్లిమర్ల స్టేషన్ రోడ్డులో నేను జిరాక్స్ కొట్టు పెట్టిన కొత్తలో, 2013 మే నెలాఖర్న, ఒక మాస్టారు ఒకే ఒక్క కాగితం పట్టుకొచ్చి యాభై కాపీలు తియ్యమన్నారు. విజయనగరంలో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పి రిటైరైన మనిషి. కొట్టుకొచ్చే కాగితాలు చదవకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. రేషన్ కార్డులు, కులం సర్టిఫికెట్లు, కోర్టు నోటీసులు, ఏవైనా మొహం పక్కకి తిప్పుకునే తీస్తాను. కానీ ఒక కాగితం మీద ఎడమపక్క వరసగా బావురుకప్ప, గోదురుకప్ప, చెట్టుకప్ప అని రాసి ఉండి, వాటికి ఎదురుగా 0, 1, 2, 3 అని గళ్ళు కనపడితే ఎవరు మాత్రం ఊరుకుంటారు?

"ఏటి మాస్టారూ ఇది? కప్పలకి మార్కులా?"

"మార్కులు కాదోయ్, హాజరు. సాయంత్రాలు ఖాళీయేనా నువ్వు?"

అలా చేరాను. జీతం లేదు, బత్తా లేదు, చివర్లో ఇచ్చే సర్టిఫికెట్టు అంతకన్నా లేదు. ఆయనకి తోచింది, మాకు కుదిరింది, అంతే.

ఆ పద్ధతి మాస్టారు కనిపెట్టింది కాదు. అమెరికాలో 1998 నుంచీ ఫ్రాగ్‌వాచ్ అని ఒక కార్యక్రమం నడుస్తోంది. చదువుకున్న శాస్త్రజ్ఞులే కానక్కర్లేదు, ఎవరైనా సరే పొద్దుగూకాక తమకి దగ్గర్లో ఉన్న చెరువు దగ్గరికో చిత్తడి నేలకో వెళ్ళి, కప్పల అరుపులు విని రాసి పంపుతారు. సూర్యుడు అస్తమించిన అరగంట తర్వాతే వెళ్ళాలి. గట్టెక్కగానే మొదలెట్టకూడదు. మన అడుగుల చప్పుడుకి అవి గొంతు ఆపేస్తాయి కనక కాసేపు కదలకుండా నిలబడాలి. ఆ తర్వాత గడియారం చూసుకుని మూడు నిమిషాలు వినాలి. ఏ గొంతూ వినపడకపోతే 0. ఒక్కొక్కటీ విడివిడిగా, లెక్కపెట్టడానికి వీలుగా వినపడితే 1. కొన్ని ఒకదాని మీద ఒకటి పడుతుంటే 2. ఏది ఎప్పుడు మొదలెట్టిందో ఏది ఎప్పుడు ఆపిందో తెలియకుండా ఏకధాటిగా మోగుతుంటే 3. కప్పని పట్టుకోనక్కర్లేదు, చూడనక్కర్లేదు, టార్చి వేసి దాని కళ్ళలో కొట్టనక్కర్లేదు. రెండు అరచేతులూ చెవుల వెనక దొప్పలు కట్టి నిలబడితే చాలు.

మాస్టారు ఆ ఫారాన్ని మనకి తగ్గట్టు తెలుగు చేశారు గానీ ఒక నిబంధన అక్కడిది అక్కడిలాగే ఉండిపోయింది. 35 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే చలిగా ఉంటే బయటికి వెళ్ళవద్దు, అని. అంటే నీళ్ళు గడ్డకట్టడానికి మూడు డిగ్రీలు ఇవతల. రోహిణి కార్తెలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయి నేను ఆ వాక్యం పైకి చదివాను. తీసెయ్యనా మాస్టారూ అంటే, "ఉండనీవయ్యా, చదివితేనే చల్లగా ఉంది" అన్నారు.

అక్కడి కప్పలకి చలి విరగడం లెక్క. మన కప్పలకి వాన లెక్క. అందుకని మా క్యాలెండరు కార్తెల్లోనే ఉండేది. మృగశిర వస్తోందంటే ఫారాలు క్లిప్పు అట్టకి పెట్టుకోవాలి. ఆరుద్రకల్లా రోడ్డు పక్క ఎర్రటి ఆరుద్ర పురుగులు కనపడ్డాయంటే ఇంక ఆ వారం ఇంట్లో కూర్చోడానికి లేదు.

జట్టుని ఒకచోటికి చేర్చడం మాత్రం అచ్చంగా కప్పల తక్కెడే. డిగ్రీ చదివే కుర్రాళ్ళు ఇద్దరు, రిటైరైన పోస్టుమాన్ బాబాయి, జూట్ మిల్లులో పనిచేసే ఒక అన్న, నేను. ఒకడొస్తే ఒకడు ఉండేవాడు కాదు. మిల్లు అన్న షిఫ్టుని బట్టి, కుర్రాళ్ళు పరీక్షల్ని బట్టి, బాబాయి మోకాళ్ళని బట్టి. పైగా మా చెరువు గట్టుకి అటుపక్క కొంచెం దూరంలోనే హౌరా మెయిన్ లైను. సరిగ్గా రెండు నిమిషాలు విన్నాక ఏ గూడ్సు బండో అందుకునేది. పెట్టెలన్నీ పోయేసరికి మా మూడు నిమిషాలూ పోయేవి. మళ్ళీ మొదట్నుంచీ. అలాంటప్పుడు మాస్టారు కాగితం అంచున సన్నగా 'గూడ్సు' అని రాసి పెట్టేవారు. అలా అంచున రాయడం ఆయనకి అలవాటు. అప్పట్లో అదేదో చాదస్తం అనుకునేవాణ్ణి.

పాఠాలన్నీ గట్టు మీదే. మాస్టారు కప్పల్ని అనుకరించి చూపించేవారు. అరవై దాటిన మనిషి, పంచె కట్టుకుని, చీకటి పడే వేళ చెరువు గట్టు మీద నిలబడి "కుర్ర్‌ర్‌ర్ర్" అని దీర్ఘం తీస్తుంటే సాయంత్రం నడకకి వచ్చేవాళ్ళు దారి మార్చుకుని పోయేవారు. ఆయన పట్టించుకునేవారు కాదు. మొదటి పాఠం, అరిచేవి దాదాపు అన్నీ మగవేనని. అది కూడా నోరు మూసుకుని. ఊపిరితిత్తుల్లో గాలిని గొంతు కింద సంచిలోకి తోసి, మళ్ళీ వెనక్కి లాక్కుని, అదే గాలిని అటూ ఇటూ తిప్పుతూ గంటలకొద్దీ అరుస్తాయట. ఆడకప్ప పలక్కుండా విని, నచ్చిన గొంతు వెతుక్కుంటూ పోతుంది. ఈ సంగతి ఇంట్లో చెబితే మా ఆవిడ, "మరి మీరంతా మూడు నిమిషాలు నోరు మూసుకుని ఎలా ఉంటున్నారండీ?" అంది.

గోదురుకప్ప అందరికీ తెలిసిందే. ఒంటినిండా పొక్కులు, గంతు కన్నా నడక ఎక్కువ, వీధిదీపం కింద కూర్చుని రాలిన పురుగుల్ని ఏరుకోవడం. నా కొట్టు ట్యూబ్‌లైటు కిందికి రాత్రి ఎనిమిదయ్యేసరికి ఒకటి తప్పకుండా వచ్చేది. దాని కళ్ళ వెనకాల ఉబ్బుగా కనపడే గ్రంథుల్లో విషం ఉంటుంది. తెలియక నోట కరిచిన కుక్క నురగలు కక్కుతుంది. చూడ్డానికి ఇంత మొరటుగా ఉంటుందా, గొంతు విప్పితే మాత్రం మొత్తం జాతిలో తియ్యటి గొంతు దానిదే అని నా అభిప్రాయం. పోస్టుమాన్ బాబాయి ఒప్పుకునేవాడు కాదు. ఆయన ఓటు చెట్టుకప్పకి.

చెట్టుకప్పని గుర్తుపట్టింది మా ఆవిడ. మాస్టారు "టక్ టక్ టక్ టక్" అని ఆ గొంతు చేసి చూపించిన రోజు నేను ఇంటికెళ్ళి అదే చేసి చూపించాను. "ఇదా? మన స్నానాలగదిలో వెంటిలేటర్ దగ్గర అరిచేది ఇదే కదా" అని అక్కడికి తీసుకెళ్ళింది. నిజంగానే, గోధుమరంగు ఒంటి మీద మచ్చలు, వేళ్ళ కొసల్లో గుండ్రటి బిళ్ళలు, గోడకి కరుచుకుని కూర్చుని ఉంది. దానికి ముందటేడు మా పెరట్లో సిమెంటు కుండీ అంచున, నీళ్ళకి కాస్త పైన, తెల్లటి నురగ ముద్ద ఒకటి కట్టి ఉంటే, ఎవరో సబ్బు నీళ్ళు పోశారని ఆవిడ పనిమనిషిని కేకలేసిందట. అది చెట్టుకప్ప గూడు. నురగ లోపల గుడ్లుంటాయి. పిల్లలు పెరిగాక నురగ కరిగి తోకకప్పలు కిందనున్న నీళ్ళలోకి జారిపోతాయి. మాస్టారు చెప్పింది విన్నాక మా ఆవిడ పనిమనిషికి టీ ఇచ్చిన పద్ధతిలో కొంచెం మర్యాద పెరిగింది.

ఇంక ఆ దువ్వెన సంగతి. మాస్టారి జేబులో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ దువ్వెన ఉండేది, తల మీద మాత్రం దువ్వడానికి ఏమీ మిగల్లేదు. ఒకరోజు గట్టు మీద దాన్ని తీసి బొటనవేలి గోరుతో పళ్ళ మీద గర్ర్‌ర్ర్‌మని లాగారు. వెంటనే గడ్డిలోంచి ఎవరో బదులిచ్చారు. గర్ర్‌ర్ర్. మళ్ళీ లాగారు. ఈసారి మూడు వైపుల నుంచి. అది మూతి సన్నగా ఉండే చిట్టి కప్ప, పూర్తిగా పెరిగినా ఒక అంగుళం దాటదు. వాన నీళ్ళు నిలిచిన ఏ గుంట చాలు దానికి, ఆవు గిట్ట దిగిన గుంటైనా సరే. ఆ గొంతు విని దాని సైజు ఊహించమంటే డిగ్రీ కుర్రాడొకడు రెండు చేతులూ చాపి చూపించాడు. దగ్గరికెళితే ఆపేస్తుంది, వెనక్కొస్తే మొదలెడుతుంది. అరగంట వెతికి కూడా దాన్ని కళ్ళతో చూడలేకపోయిన సాయంత్రాలు ఎన్నో.

ఇవి కాక వరిమళ్ళలో టిక్ టిక్‌మంటూ తెల్లవార్లూ ఉండే చిన్న కప్ప, నీళ్ళ మీద గంతులు వేస్తూ పోయే కప్ప. ఈ రెండోది ఏడాది పొడుగునా నీళ్ళున్నచోటల్లా ఉంటుంది. బుడగకప్ప అని ఇంకొకటి ఉంది, ఏడాదిలో ఎక్కువ భాగం భూమి లోపలే. వెనక కాళ్ళతో మట్టి తవ్వుకుంటూ వెనక్కి దిగిపోయి చెదలూ చీమలూ తింటూ బతుకుతుంది. గట్టి వాన పడితే పైకొచ్చి, గుంట నీళ్ళలో ఒళ్ళంతా ఉబ్బించుకుని తేలుతూ అరుస్తుంది. దాని గడిలో అంకె పడిన రాత్రి మాస్టారు ఇంటికెళ్ళేదాకా నవ్వుతూనే ఉండేవారు.

అరుపుల్లో ఒకటి మాత్రం ఫారంలో రాయకూడనిది ఉంది. మొదటిసారి విన్నప్పుడు ఎవరో పసిపిల్లని కొట్టారనుకుని పరిగెత్తబోయాం. సన్నటి, ఆగని కేక. మడి గట్టు మీద కూర్చున్న తాత, "ఎక్కడికి బావూ? అది నీరుకట్టె నోట్లో పడ్డ కప్ప. ఇంక మీరేటీ సెయ్యనేరు, ఒగ్గీండి" అన్నాడు. ఆ కేక పిలుపు కాదు, ప్రాణభయం. అప్పుడు మాత్రం నోరు తెరిచే అరుస్తుంది, ఆడదైనా మగదైనా.

ఈ తాత మా జట్టులో లేడు గానీ మేం వెళ్ళిన ప్రతి సాయంత్రం ఉండేవాడు. చెరువు మదుం కింద ఆయన మడి. రాత్రి నీరు కట్టుకోడానికి వచ్చి, మా తతంగం చూసి, చుట్ట వెలిగించుకుని కూర్చునేవాడు. కప్పల గురించి ఆయనకి తెలిసినంత మా ఫారానికి తెలియదు. ఆయన కుర్రతనంలో వాన రాత్రుళ్ళు పెట్రోమాక్సు లైట్లూ గోనెసంచులూ పట్టుకుని బావురుకప్పలు పట్టేవాళ్ళు వచ్చేవారట, కిలోల లెక్కన డబ్బులిచ్చేవారట. "కాళ్ళు కోసి దొరలకి పంపిస్తారంట, తినడానికి" అనేవాడు. మాస్టారు అందుకుని, 1987లో మన ప్రభుత్వం కప్పకాళ్ళ ఎగుమతి ఆపేసిందనీ, ఆ పురుగులన్నీ తినే కప్ప పోతే పొలంలో పురుగు పెరుగుతుందన్న వాదన అప్పటికే బలంగా ఉండేదనీ చెప్పారు. "ఆపీసినాక కొన్నాళ్ళకి మళ్ళీ ఇనిపించినాయి బావూ" అన్నాడు తాత.

బావురుకప్పల రోజు గురించి చెప్పకపోతే ఈ రాత దండగ. 2013 జూన్‌లో వానలు ముందే దిగాయి. ఆ రోజు మధ్యాహ్నం రామతీర్థం కొండల మీద మబ్బు కమ్మి, ఒక గంటన్నర దంచి కొట్టింది. వాన వెలిసేసరికే చెరువు వైపు నుంచి మోత. సూర్యాస్తమయం, అరగంట, నిబంధనలు, ఏవీ వాటికి పట్టలేదు. కొట్టు షట్టరు సగం దించి పరిగెత్తాను. మాస్టారు అప్పటికే పంచె పైకి కట్టి గట్టు మీద ఉన్నారు. చెరువు పక్క కొత్త నీరు నిలిచిన పల్లంలో, మామూలుగా ఆకుపచ్చ గోధుమరంగుల్లో కనపడకుండా ఉండే మగ బావురుకప్పలు నిమ్మపండు పసుపులోకి తిరిగి ఉన్నాయి. వాంగ్, వాంగ్ అన్నప్పుడల్లా గొంతుకి రెండు పక్కలా నీలం సంచులు ఉబ్బుతున్నాయి. అంత పసుపు, అంత నీలం నేను కలర్ ప్రింటర్‌లో కూడా తియ్యలేను. ఒకదాని మీదికొకటి దూకడం, తోసుకోవడం, ఆడకప్ప అనుకుని ఇంకో మగదాన్ని పట్టుకోవడం, అది తిట్టడం. బాబాయి గొడుగు మూసి, మోకాళ్ళ సంగతి మర్చిపోయి, బురదలోనే కూర్చుండిపోయాడు. "ఈ రంగు కొద్ది రోజులే ఉంటుంది, ఈ వానలు దాటితే మళ్ళీ మామూలే" అన్నారు మాస్టారు. ఆ రోజు 3 వేసిన అంకె ఎంత గట్టిగా నొక్కి రాశానంటే కింది కాగితం మీద కూడా పడింది.

అదొక రోజు. కానీ మా ఫారాల్లో ఎక్కువ ఉన్నవి 3లు కావు, 0లు. వాన లేని రోజు, గాలి ఎక్కువున్న రోజు, డిసెంబరు చలి, మార్చి ఎండ. వెళ్ళడం, నిలబడడం, దోమలు, మూడు నిమిషాలు, సున్నా. తాతకి ఇదే మింగుడు పడేది కాదు.

"ఇంత దూరం నడిసొచ్చి, దోమల సేత కుట్టించుకొని, సున్నా రాస్తారేటి బావూ? మరేదైనా పరువుందా? ఒకటైనా ఎయ్యి."

"వినపడందే ఎలా వేస్తాం పెద్దాయనా?"

"అయితే రాయకు. నేనిదానికి రాతెందుకు? ఉన్నదానికి కదా రాత."

మాస్టారు ఓపిగ్గా చెప్పేవారు. ఈ ఏడు సున్నా రాయకపోతే, పదేళ్ళ తర్వాత ఈ కాగితాలు చూసినవాడికి మనం ఆ రోజు రానేలేదో, వచ్చినా కప్ప పలకలేదో ఎలా తెలుస్తుంది? ఖాళీ గడి వేరు, సున్నా వేరు. తాత చుట్ట దులిపి, "పంట పండని మడికి కూడా శిస్తు రాసీసినట్టుంది మీ యవ్వారం" అని లేచిపోయేవాడు. నిజం చెప్పాలంటే అప్పట్లో నేను తాత పక్షమే. వరసగా సున్నాలున్న కాగితాలు క్లిప్పు అట్టకి పెట్టి ఊళ్ళోంచి నడిచి రావాలంటే, "ఏటి, ఈయాళ ఎన్ని కప్పలు?" అని అడిగేవాళ్ళకి జవాబు చెప్పుకోలేక నేనూ డిగ్రీ కుర్రాళ్ళూ సందులోంచి తప్పుకునేవాళ్ళం.

2014 జూన్ అంతా సున్నాలే. దేశమంతా వాన మొహం చాటేసిన నెల అది. ఏరువాక పున్నమి పొడి మట్టిలోనే వెళ్ళిపోయింది. నెలాఖరుకి మా వీధిలోకి కప్పకావిడి వచ్చింది. ఇద్దరు కుర్రాళ్ళ భుజాల మీద కర్ర, మధ్యలో వేపమండలు, తడిగుడ్డలో కట్టిన కప్ప, వెనక ఆడవాళ్ళూ పిల్లలూ పాడుకుంటూ. ఇంటింటి ముందూ ఆగితే ఇల్లాలు బిందెడు నీళ్ళు కావిడి మీద కుమ్మరిస్తుంది. నేను మెషీను ప్లగ్గు పీకి నీళ్ళు పడకుండా పట్టా కప్పుకున్నాను. అప్పుడే కొట్టులో ఉన్న మా డిగ్రీ కుర్రాడు, "మాస్టారూ, కప్పలు 1972 వన్యప్రాణి చట్టంలో ఉన్నాయి కదా, ఇది నేరం" అని లేచాడు. మాస్టారు వాడి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టి, తానే వెళ్ళి కావిడి ఆపారు. అందరూ ఈయన గొడవ పెడతాడనుకున్నారు. ఆయన వంగి ఆ కప్పని చూసి, "అమ్మా, తాడు కాస్త వదులు చెయ్యండి. ఇది చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది, ఒళ్ళు తడారితే బతకదు. నీళ్ళు ఇంకొంచెం పొయ్యండి" అన్నారు. పోశారు. తర్వాత నా వైపు తిరిగి మెల్లిగా, "వాన కోసం పట్టుకొచ్చారు గానీ, ఇది నీళ్ళ మీద గంతులేసే కప్పోయ్. వానకి దీనికి పెద్ద సంబంధం లేదు, నీరుంటే ఎప్పుడూ అరుస్తుంది. వాన కప్పలన్నీ ఇప్పుడు భూమి లోపల ఉన్నాయి, దొరకవు కదా" అన్నారు. కావిడి చెరువు దాకా వెళ్ళి, కప్పని చెరువులో మిగిలిన ఆ కాస్త నీళ్ళలో వదిలేదాకా వాళ్ళ వెనకాలే నడిచారు. వాన జులైలో పడింది. ఎవరి ఘనత అని నన్నడక్కండి.

అదే సంవత్సరం అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్. విశాఖ దగ్గర తీరం దాటినా మా జిల్లా మొత్తం తిప్పి కొట్టింది. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా గాలి. కొబ్బరిచెట్లు, మామిడితోటలు, టేకులు, కరెంటు స్తంభాలు, అన్నీ పడుకున్నాయి. నా కొట్టు మీద సిమెంటు రేకులు రెండు ఎవరింటికి వెళ్ళాయో ఇప్పటికీ తెలీదు. తర్వాత రోజులకొద్దీ కరెంటు లేదు, ఫోను లేదు, పెట్రోలు బంకు దగ్గర వరసలు. జిరాక్స్ కొట్టువాడికి కరెంటు లేకపోతే చేసేదేముంది? అరుగు మీద కూర్చోవడమే.

ఆ సాయంత్రాల్లో ఒకనాడు వీధి వీధంతా మంచాలు బయట వేసుకుని ఉంది. టీవీలు లేవు, నీళ్ళ మోటార్లు లేవు, మిల్లు కూత లేదు, మైకులు లేవు. చీకటి పడేసరికి చెరువు వైపు నుంచి మోత మొదలైంది. అది మా వీధి దాకా వినపడడం నేనెప్పుడూ ఎరగను. దువ్వెన పళ్ళ మోత అన్నిటికన్నా పైకి, దాని కింద వరిమడి కప్పల టిక్ టిక్, ఏదో పెరట్లోంచి చెట్టుకప్ప. బావురుకప్ప మాత్రం లేదు, దాని కాలం అప్పటికే అయిపోయింది. ఎదురింటి పెద్దమ్మ, "మాస్టారూ, ఇవన్నీ తుఫానుకి కొట్టుకొచ్చీసినాయా?" అని అడిగింది.

"లేదమ్మా, మీ ఇంటి వెనకాలే ఉంటాయి. రోజూ ఈ టైముకి మీరు సీరియల్లో ఉంటారు."

పిల్లలు మూగారు. నేను ఒక్కో గొంతూ విడదీసి చెప్పడం మొదలుపెట్టాను. ఏడెనిమిదేళ్ళ పిల్ల ఒకత్తి కళ్ళు మూసుకుని, చెవుల వెనక చేతులు పెట్టి, "ఇదొకటి, ఇదొకటి, ఇది ఇందాకటిదే" అని వేలు పెట్టి చూపిస్తుంటే, ఏడాదిన్నరగా తిరుగుతున్న మాకన్నా ఆ పిల్ల చెవి చురుగ్గా ఉంది. ఆ రాత్రి మంచాల మీదినుంచే మూడు నిమిషాలు విన్నాం. వీధి మొత్తం ఊపిరి బిగబట్టింది, మధ్యలో తుమ్మిన పోస్టుమాన్ బాబాయిని అందరూ తిట్టారు.

3 వేశాం. నేను ఉత్సాహంగా పోయినేడు అక్టోబరు ఫారాలు తీసి చూస్తే అదే చిట్టి కప్పకి 1. "చూశారా మాస్టారూ, తుఫానుకి ఎంత పెరిగాయో!" అన్నాను. ఆయన కొవ్వొత్తి వెలుగులో కళ్ళద్దాలు సర్దుకుని, "పెరిగాయో, వినపడ్డాయో?" అన్నారు. "పోయినేడు మోటార్ల మధ్య విన్నావు. ఇప్పుడు ఏ అడ్డమూ లేకుండా విన్నావు. రెండు అంకెలూ పక్కపక్కన పెడితే అబద్ధం చెప్పినట్టే." కాగితం అంచున ఎప్పటిలాగే సన్నగా రాశారు: కరెంటు లేదు, ఊరంతా నిశ్శబ్దం. అప్పుడు తెలిసింది నాకు, ఆ గూడ్సు రాతలన్నీ ఎందుకో.

ఇప్పుడు ఇలాంటి పనికి కాగితం అక్కర్లేదంటారు. ఆస్ట్రేలియాలో 2017 నుంచి ఫ్రాగ్ ఐడీ అనే యాప్ ఉంది, అక్కడి మ్యూజియంవాళ్ళది. ఫోన్‌లో అరుపు రికార్డు చేసి పంపితే నిపుణులు విని ఏ కప్పో చెబుతారు. మంచిదే. మా దగ్గర చెరువు పక్కన పల్లంలో లేఅవుట్ రాళ్ళు పడ్డాయి. మాస్టారు కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. డిగ్రీ కుర్రాళ్ళు ఉద్యోగాల్లో ఉన్నారు. ఫారాల కట్ట నా కొట్టు అటక మీద ఉంది, చెద పట్టకుండా ఏడాదికోసారి ఎండలో పెడతాను. నేను ఫోన్‌లో రికార్డు చేస్తాను గానీ, ఒక్కటి మాత్రం ఒప్పుకోను. ఫోను అరుపుని పట్టుకుంటుంది. ఏమీ వినపడని రాత్రిని ఎవరూ రికార్డు చేసి పంపరు.

ఈ మాట నాకు నేర్పింది మాస్టారే అయినా, నమ్మించింది తాత. 2015లో, ఉబాలు, అంటే వరినాట్లు, అయిపోయి చేలు పచ్చబడ్డాక, ఒకరోజు పొద్దున్నే కొట్టు తియ్యకముందే షట్టరు దగ్గర నిలబడి ఉన్నాడు. రేషన్ కార్డు కాపీకి వచ్చాడేమో అనుకున్నాను.

"బావూ, ఆ కప్పల కాయితం తియ్యి."

"ఏటయింది తాతా?"

"రాత్రి మా మడి కాడ గుంటలో ఒక్కటీ అరవనేదు. మొన్నటిదాకా సెవులు పగిలిపోయీవి. నాను గట్టు మీదే ఉన్నాను, తెల్లారగట్ల దాకా ఇన్నాను. సున్నా రాసీ."

రాశాను. వెళ్ళబోయి ఆగాడు.

"ఉత్త సున్నా రాసినావా? గుళికలు జల్లి మూడ్రోజులైంది. అదీ రాసీ. నానే జల్లినాను."

సాయంత్రం మాస్టారికి చూపించాను. ఒక రాత్రి సున్నాని పట్టుకుని మందు వల్లే అని తేల్చడానికి లేదన్నారు, అలాగని వదిలెయ్యడానికీ లేదన్నారు. తర్వాతి వారమంతా ఆ గుంట దగ్గరికి, మందు చల్లని పక్క మళ్ళ దగ్గరికి కూడా వెళ్ళి రాసుకొచ్చాం, తాత కూడా మాతోనే. కాగితం అంచుల్లో చోటు చాలక వెనక పక్క రాయాల్సొచ్చింది. ఆ వారం చివర మాస్టారు ఫారం మళ్ళీ టైపు చెయ్యమన్నారు. కుడిపక్క కొత్తగా ఒక గడి, దాని మీద 'ఆ పూట సంగతి' అని.

మొదటి కాపీ తాతకి చూపించాను. ఆయనకి చదువు రాదు. బొటనవేలూ చూపుడువేలూ చాపి గడిని కొలిచి, "ఇది సరిపోదు బావూ, ఇంకాస్త ఎడల్పు కట్టు" అన్నాడు. గాలి వేగం గడిని సగానికి కుదించి దీన్ని రెండింతలు చేశాను. అప్పటికే తీసేసిన ఇరవై కాపీలు వెనక వైపు లెక్కలు రాసుకోడానికి పనికొచ్చాయి.